ఎన్ని తుంట్లు చేసినవ్, కోట్యా?

పడేటప్పుడు మనిషి చేతులు వాటంతట అవే నేలకేసి చాచుకుంటాయి. ద్వాలికి ఆ రోజు ఆ వీలు లేకపోయింది. ఆమె రెండు చేతుల్లోనూ తొమ్మిది రోజుల పసిగుడ్డు ఉంది.

రెండువేల ఎనిమిది, వానాకాలం మొదలు. పినపాక అడవి అంచున చింతబాయి తండా. పురుడైన ఇంటికి పదకొండు రోజులు పొద్దున్నే వెళ్ళి తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోయడం ద్వాలి పని. ఆ రోజు నీళ్ళు పోసే బండ మీద నూనె, సున్నిపిండి కలిసి జారుడు పట్టి ఉంది. బిడ్డకు ఒళ్ళు తుడిచి లేవబోయేసరికి కాలు జారింది. బిడ్డను గుండెకు హత్తుకొని కుడి తుంటి మీద దబ్బున కూలబడింది. లోపల ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది, అది ఆమెకొక్కదానికే వినిపించింది. బిడ్డ మాత్రం ఏడవనైనా ఏడవలేదు. పరుగెత్తుకొచ్చిన బాలింతతో ద్వాలి అన్న మొదటి మాట, బిడ్డ తల ఇంకా తడిగానే ఉంది, తుడవమని.

అట్లాంటి మనిషి. రేషన్ కార్డులో వయసు అరవై రెండని ఉంది, అది రాసినవాడు ఆమె ముఖం చూసి రాసిందే తప్ప అసలు లెక్క ఎవరికీ తెలియదు. నలభై అయిదేళ్ళుగా తండాకు దాయి, అంటే మంత్రసాని. తండాలో నలభై లోపు వయసున్నవాళ్ళలో చాలామందిని మొదట ముట్టుకున్న చేతులు ఆమెవే. అందుకే నాయకుడి దగ్గర్నుంచి మేకలు కాసే పిల్లవాడి దాకా అందరినీ తిట్టే హక్కు తనకుందని ఆమె నమ్మకం. తిట్టేది కూడా. అందరూ ఆమెను దాదీ అనేవాళ్ళు, వాళ్ళ భాషలో నాయనమ్మ అని.

అంబులెన్సులు వచ్చాక, దవాఖానా కాన్పులు ఎక్కువయ్యాక, దాదీ పని పోయిందని జాలిపడ్డవాళ్ళు ఉన్నారు. జాలి ఆమెకు గిట్టదు. తొలిచూలు గర్భిణులను తానే బండెక్కించి పంపేది. అక్కడ ఎక్కించడానికి నెత్తురుంది, సూదులున్నాయి, నా దగ్గర ఏమున్నాయి, వేణ్ణీళ్ళు తప్ప అనేది. పని గౌరవం తెలిసిన మనిషికి పని హద్దు కూడా తెలుస్తుంది. ఈ సంగతి పెద్ద చదువులు చదివినవాళ్ళలో కూడా అందరికీ తెలియదు, ఎవరేమనుకున్నా సరే.

నులకమంచం మీద పడుకోబెట్టాక ఆమె తన కాలు తానే చూసుకుంది. కుడికాలు ఎడమదానికన్నా రెండు వేళ్ళు పొట్టిగా ఉంది. పాదం బయటికి తిరిగి పడిపోయింది. ఎత్తబోతే లేవనే లేదు. ఇంకొకరు చెప్పనక్కర్లేకుండానే ఆమెకు తెలిసిపోయింది.

ఆమె మొగుడు హాతీరాం అప్పటికే వాగు అవతలి ఊరి నుంచి దూలయ్యను పిలిపించాడు. దూలయ్య వెదురుబద్దలతో, ఆకుపసరుతో కట్టు కట్టేవాడు. మంచివాడు, చేతిలో పనున్నవాడు. ద్వాలి అతనికి చాయ్ పోయించింది, కూర్చోబెట్టి మాట్లాడింది, కాలు మాత్రం ముట్టనివ్వలేదు.

"నీ చెయ్యి మోచేతులకు మంచిది, దూలయ్యా. ముంజేతులకు మంచిది. తుంటికి నువ్వు కట్టినోళ్ళల్ల లేచి నడిచినోళ్ళు ఎవరన్న ఉన్నరా? ఉంటే చెప్పు, కట్టిచ్చుకుంట."

దూలయ్య చాయ్ తాగి, లేరని ఒప్పుకున్నాడు. అబద్ధం ఆడనందుకు ద్వాలికి అతని మీద ఇష్టం ఇంకొంచెం పెరిగింది.

ఆమె మనసులో మెదులుతున్నది పక్కింటి లాలు తల్లి. మూడేళ్ళ కింద ఆ ముసలామెకూ తుంటే విరిగింది. ఎనిమిది నెలలు మంచంలోనే ఉంది. వీపున పుండ్లు పడ్డాయి. ఆఖరికి కోడలు పెట్టే ముద్ద కూడా వద్దని గోడవైపు తిరిగి పడుకొని అట్లాగే పోయింది. ద్వాలి రోజూ వెళ్ళి ఆ పుండ్లు కడిగేది. చావంటే ఆమెకు భయం లేదు, పుట్టుకలు చూసే మనిషి చావులు కూడా చూస్తుంది. మంచమంటే భయం. ఇంకొకరు తిప్పితే గాని తిరగలేని ఆ బతుకంటే భయం. ఆ రోజు మంచం మీద పడుకొని తడికలోంచి కనబడే బాటను చూస్తూ, ఆ బాట మీద తన కాళ్ళతో తాను నడవకపోతే ఎట్లా అని లోలోపల ఏడ్చింది.

తండాకు మాత్రం ఏడుపు లేదు. ఎందుకంటే తండాకు కోటేష్ ఉన్నాడు.

కోటేష్ చింతబాయి తండాలో పుట్టిన మొదటి డాక్టరు. అదీ మామూలు డాక్టరు కాదు, ఎముకల డాక్టరు. వరంగల్‌లో పెద్ద చదువు చదివి, ఖమ్మంలో ఒక పేరున్న సర్జన్ దగ్గర ఆర్నెల్లు పని నేర్చుకున్నాడు. ఇంకా రెండేళ్ళు ఉండమని ఆ సర్జన్ అన్నా ఉండలేదు. మన పోరడు మన దగ్గరుండాలని తండా పట్టుబట్టింది, అతనికీ మనసు ఇటే లాగింది. ఏడాదిగా భద్రాచలంలో ఒక దవాఖానాలో చేస్తున్నాడు. తండావాళ్ళకు జ్వరమొచ్చినా, పన్ను నొప్పి పుట్టినా అతని దగ్గరికే పరుగు. ఎముకల డాక్టరుకు పంటితో ఏం పని అని అడిగే ధైర్యం ఎవరికుంది?

ద్వాలిని రెండు పలకల మీద పడుకోబెట్టి, కాళ్ళ మధ్య దిండు పెట్టి, జీపులో భద్రాచలం తీసుకుపోయారు. ఏ గతుకులో జీపు ఎగిరినా ఆమె పళ్ళ బిగువున ఓర్చుకుంది. కొడుకు రాందాస్ మాత్రం డ్రైవర్‌ను దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. కోటేష్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఎక్స్‌రే తీయించి, కాలికి బరువు కట్టించి, నొప్పి తగ్గడానికి సూది వేయించాడు. తర్వాత హాతీరాం చేయి పట్టుకొని, ఏం పరవాలేదు, ప్లేటూ స్క్రూ వేస్తే సరిపోతుంది, రేపు పొద్దున తానే చేస్తానని చెప్పాడు.

ఆ మాటతో హాతీరాం ఛాతీ పొంగింది. ఉన్నపళంగా ఫోన్లు పోయాయి. సాయంత్రానికి ట్రాలీ ఆటోలో తండా సగం దిగింది. దాదీ కాలు మన కోటేష్ బాగుచేస్తున్నాడు. అంటే ఏమిటి? దాదీ ప్రాణం పోసిన చేతులే దాదీకి కాలు పోస్తున్నాయి. ఇంత ముచ్చటైన సంగతి మళ్ళీ చూస్తామా? దవాఖానా వరండాలో కూర్చొని, తెచ్చుకున్న జొన్నరొట్టెలు విప్పుకొని, పెళ్ళికి వచ్చినట్టే మాట్లాడుకున్నారు. ఆ సంబరంలో తప్పేం లేదు. పొరపాటు మాత్రం ఉంది. మనవాడు కావడం వేరు, చెయ్యి తిరగడం వేరు. ప్రేమ కళ్ళకు ఆ రెండూ ఒకటిగానే కనబడతాయి.

ద్వాలి కళ్ళు మాత్రం మంచం పక్కన నిలబడ్డ కోటేష్ చేతుల మీద ఉన్నాయి. అతను ఎక్స్‌రేను వెలుతురుకెత్తి చూస్తున్నాడు. ఒకసారి చూశాడు. మళ్ళీ చూశాడు. వెళ్ళిపోయి మళ్ళీ వచ్చి మూడోసారి చూశాడు. నలభై అయిదేళ్ళు గర్భిణుల ముఖాలూ, కాన్పుకు సాయమొచ్చిన ఆడవాళ్ళ ముఖాలూ చూసిన మనిషికి ఆ చూపు తెలుసు. పొద్దు గుంకాక హాతీరాం రొట్టె తినడానికి వరండాలోకి పోయినప్పుడు, కోటేష్‌ను దగ్గరికి పిలిచి స్టూలు మీద కూర్చోమంది.

"ఒక్కటి అడుగుత. నిజం చెప్పాలె. గిసొంటి తుంట్లు ఎన్ని చేసినవ్, కోట్యా?"

కోటేష్ నవ్వాడు. చదువులో ఎన్ని చూశాడో, ఎంతమందికి సాయం పట్టాడో చెప్పబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చూసినవి కాదు, పట్టినవి కాదు, కత్తి నీ చేతిలో ఉండగా చేసినవి ఎన్ని అని అడిగింది.

"ఒక్కణ్ణే చేసినయి నాలుగు, దాదీ."

"ఎంతమంది లేచిండ్రు?"

ఆ ప్రశ్న అతన్ని అంతకుముందు ఎవరూ అడగలేదు. పరీక్షల్లో అడగలేదు, ఉద్యోగంలో చేరినప్పుడు అడగలేదు. ముగ్గురన్నాడు. నాలుగో ఆమె సంగతి తనంతట తానే చెప్పాడు. ఎక్స్‌రేలో అంతా బాగానే కనబడింది. స్క్రూ ఎక్కడుండాలో అక్కడికన్నా కొద్దిగా పైకి పోయింది, అంతే, బియ్యపు గింజంత. రెండు నెలలకు మెత్తటి ఎముకను కోసుకొని బయటికొచ్చింది. ఆమె ఇప్పటికీ మంచంలోనే ఉంది. ఈ మాట అతను ఇంట్లో పెళ్ళానికి కూడా చెప్పలేదు.

ద్వాలి అతన్ని ఓదార్చలేదు. నీకొక సంగతి చెప్తాను విను అన్నది.

కోటేష్ పుట్టేనాటికి ఆమె దాయి పని పట్టి పదేళ్ళు దాటింది, పేరూ వచ్చింది. అతని తల్లికి నొప్పులు మొదలయ్యాక చెయ్యి పెట్టి చూస్తే బిడ్డ తల కాదు, పాదం తగిలింది. ఎదురుకాళ్ళ బిడ్డ. ఆ తల్లి అత్త పక్కనే ఉంది, తండా ఆడవాళ్ళందరూ గుమ్మం దగ్గర ఉన్నారు. నువ్వే చెయ్యి, నీకు రానిదేముంది అన్నారు. ద్వాలి చేతులు కడుక్కొని బయటికొచ్చి, వాగు అవతలి నుంచి రామక్కను తీసుకురమ్మని బండి కట్టించింది. రామక్క కోయ మనిషి. మన తండా కాన్పుకు పరాయి దాయేమిటని అత్త పెద్ద రభస చేసింది. రామక్క వచ్చింది, బిడ్డను ఏ తొందరా లేకుండా, లాగకుండా, దానంతట దాన్ని జారనిచ్చి, ఆఖరున తలను వేళ్ళతో వంచి బయటికి తీసింది. ద్వాలి పక్కన నిలబడి ఆ వేళ్ళనే చూసింది.

"నాకెందుకు బుద్ధి పుట్టింది, ఎరికేనా? దాని ముందటేడు నా ఆడబిడ్డకు ఎదురుకాళ్ళ బిడ్డే. పేరు పోతదని రామక్కను పిలవలే. నేనే గుంజిన. తల కాడ ఆగింది. బిడ్డ దక్కలే." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు చెవుల్లోకి కారాయి. "నీ తర్వాత ఎదురుకాళ్ళోళ్ళను ముప్పై మందిని తీసిన, కోట్యా. మొదటి అయిదుగురికి రామక్క పక్కనుంది."

వందమందిని చంపితే గాని వైద్యుడు కాడని ఊళ్ళలో ఒక సామెత ఉంది. దాన్ని పుట్టించినవాడు నవ్వుతూ పుట్టించి ఉంటాడు గాని, ఆ వందలో ఒకరి తల్లిని అడిగితే నవ్వు రాదు. చెయ్యి తిరగాలంటే ఎవరో ఒకరి ఒంటి మీదే తిరగాలి, వేరే దారి లేదు. పక్కన తిరిగిన చెయ్యి ఒకటి ఉంటే మాత్రం ఆ ఎవరో ఒకరు బతుకుతారు.

కోటేష్ ఇప్పుడు డాక్టరుగా మాట్లాడాడు. ఖమ్మంలో మహబూబ్ అలీ సారు ఉన్నారు, తాను ఆర్నెల్లు పని నేర్చుకున్నది ఆయన దగ్గరే, వారానికి మూడు నాలుగు తుంట్లు చేస్తారు. కానీ ఖమ్మం మూడున్నర గంటల దారి, గతుకులు, నొప్పి. ఇంకొక రోజు ఆలస్యం. ఆలస్యమూ మంచిది కాదు, మంచంలో ఉన్న కొద్దీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, పుండ్లు పడతాయి. రెండు రోజులు దాటకుండా ఆపరేషన్ అయిపోవాలి. ఇదంతా దాచకుండా చెప్పి, నీ ఇష్టం దాదీ అన్నాడు.

"ఒక్క దినం నేను ఓర్సుకుంట. నువ్వు నా ఎంట రావాలె. ఆయన పక్కన నిలబడాలె."

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వరండాలో పాతికమంది కూర్చొని ఉన్నారు. కోటేష్ వాళ్ళ ముందుకొచ్చి నిలబడి, దాదీ ఆపరేషన్ తాను చేయడం లేదని, తనకింకా ఆ చెయ్యి రాలేదని, తనకన్నా బాగా చేసేవాళ్ళ దగ్గరికి తీసుకుపోతున్నానని చెప్పాడు. ద్వాలి అడిగిందని చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. కిటికీలోంచి వింటున్న ద్వాలికి అది తెలిసింది, ఆ పిల్లవాడి మీద ప్రేమ పొంగి గుండె నిండిపోయింది.

హాతీరాం లేచాడు. ఆయన మధ్యాహ్నం నుంచీ ఎంతమందికి ఫోన్లు చేశాడో, ఎన్ని గొప్పలు పోయాడో ఆయనకే తెలుసు.

"పెరటి చెట్టు మందుకు రాదంటరు, నిజమే గావచ్చు," అన్నాడు. "గింత సదువు సదివించింది, ఇంకొకళ్ళ దవాఖానా చూపెట్టనీకా?"

కోటేష్ తల వంచుకొని నిలబడ్డాడే గాని మాట వెనక్కి తీసుకోలేదు. హాతీరాం లోపలికొచ్చి పెళ్ళాంతో తెల్లవార్లూ వాదించాడు. ఆమె ఒక్కటే చెప్పింది, కాలు నాది అని. అప్పటి నుంచి ఆయన కోటేష్‌తో మాట్లాడడం మానేశాడు. ఖమ్మం దారిలో అంబులెన్సులో ఎదురెదురుగా కూర్చొని కూడా ఇద్దరూ చెరో కిటికీలోంచి చూశారు.

ఖమ్మంలో డాక్టర్ మహబూబ్ అలీని చూడగానే ద్వాలికి ఇంత చిన్న మనిషా అనిపించింది. పొట్టివాడు, బట్టతల, ఎప్పుడూ ఎవరినో ఒకరిని కసురుకుంటూ ఉండేవాడు. తండ్రి మంచాలు చేసే వడ్రంగి, ఈయన ఎముకలు అతికే వడ్రంగి అని ఆయన మీద ఆయనే వేసుకునే ఛలోక్తి ఒకటుంది. ముందు కోటేష్‌ను కసురుకున్నాడు, కాలికి కట్టిన బరువు చాల్లేదని. తర్వాత ద్వాలి నాడి చూసి, గుండె పరీక్ష కాగితం చూసి, రేపు పొద్దున మొదటి కేసు అన్నాడు. ఆమె ఆయన కోటు అంచు పట్టుకొని ఆపింది. కోటేష్‌ను అడిగిన రెండు ప్రశ్నలూ అడిగింది.

ఎన్ని చేశావంటే ఆయనకు కోపం రాలేదు, లెక్క పెట్టడం ఎప్పుడో మానేశానన్నాడు. రెండో ప్రశ్నకు మాత్రం కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"లేవనోళ్ళు ఉన్నరు, అమ్మా. ఆలస్యంగ అచ్చినోళ్ళు, గుండె బాగలేనోళ్ళు. మొదట్ల నా చెయ్యి కుదరకనే లేవనోళ్ళు గూడ ఉన్నరు. వాళ్ళ పేర్లు నాకు యాదికున్నయ్. నీ గుండె మంచిగున్నది, జల్దీ అచ్చినవ్. లేస్తవని నా నమ్మకం. మాట మాత్రం ఇయ్యలేను."

అచ్చం తాను కాన్పుకు ముందు తల్లులకు చెప్పే మాటే. ద్వాలి కోటు వదిలేసింది.

తెల్లవారి థియేటర్ ముందర ఇంకొక చిక్కొచ్చింది. ఒంటి మీది వస్తువులన్నీ తీసేయాలని నర్సు చెప్పింది. వెండి కడియాలు సబ్బునీళ్ళు రాసి తీశారు. మోచేతి పైన వరసగా ఉండే తెల్లగాజుల దగ్గరికి వచ్చేసరికి ద్వాలి చేతులు ముడుచుకుంది. ఆ గాజులు పెళ్ళినాడు వేస్తారు, మొగుడు పోయిననాడు తీస్తారు. హాతీరాం ఎంత మొండివాడైనా బతికే ఉన్నాడు. గాజులుంటే బీపీ పట్టీ కట్టడం కుదరదని నర్సు, ఆపరేషన్ లేకపోయినా సరే తియ్యనని ద్వాలి. గడియారం నడుస్తోంది. ఆ గొడవ విని లోపల్నుంచి వచ్చిన మహబూబ్ అలీ ఆ గాజులను ఒక్క చూపు చూసి, పట్టీ ఎడమ కాలికి కట్టమన్నాడు, గాజుల మీద గుడ్డ చుట్టమన్నాడు. ఈ అడవి సరిహద్దు నుంచి ఇరవై ఏళ్ళుగా ఎందరు లంబాడా తల్లులను చూశాడో, ఎంతసేపు పోట్లాడి నేర్చుకున్నాడో! ఒక్క నిమిషం పట్టలేదు.

నడుములో సూది వేస్తే సగం ఒళ్ళు తనది కానట్టైపోయింది. మనిషి మాత్రం మెలకువగానే ఉంది. కళ్ళ ముందు పచ్చటి గుడ్డ కట్టారు, ఏమీ కనబడదు, అన్నీ వినబడతాయి. అవతల ఏదో మిషను చప్పుడు, ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు. తొందర పడేవాళ్ళ చేతుల చప్పుడు వేరు, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇక్కడ తొందర లేదు, ఆగడమూ లేదు. వింటున్న కొద్దీ ఆమె ఒళ్ళు తేలికపడింది.

ముందు ఒక సన్నటి ఇనుపతీగ ఎముకలోకి పంపుతారు, ఆ దారిలోనే తర్వాత స్క్రూ పోతుంది. తీగ వెళ్ళింది. మిషను తెర మీద బొమ్మ చూసినట్టున్నారు. తర్వాత మహబూబ్ అలీ గొంతు వినిపించింది, తీసెయ్, మళ్ళీ పంపుదాం అని.

"మంచిగనే ఉన్నది గద, సార్?" అన్నది కోటేష్ గొంతు.

"మంచిగనే ఉన్నది. పడుచోళ్ళకైతే నడుస్తది. ఈమె ఎముక మెత్తది. ఇక్కడ పెడితే రెండు నెల్లకు కోసుకొని బయటికస్తది. ఇంకింత కిందికి. చూడు, నా చెయ్యి చూడకు, తెర చూడు."

గుడ్డ అవతల కోటేష్ ఊపిరి గట్టిగా తీసుకోవడం ఆమెకు వినిపించింది. మంచంలో మిగిలిపోయిన ఆ నాలుగో ఆమె అతని కళ్ళ ముందు నిలబడి ఉంటుంది. బియ్యపు గింజంత తేడా. అతను ఒక్కడే చేసి ఉంటే ఆ తీగ అక్కడే ఉండేది. నిర్లక్ష్యంతో కాదు, బాగానే ఉందనే నమ్మకంతో. ద్వాలికి ఆ పిల్లవాడి మీద కోపం రాలేదు, జాలీ కలగలేదు. రామక్క వేళ్ళ పక్కన తాను నిలబడిన రాత్రి ఒక్కటే గుర్తొచ్చింది. గుడ్డ ఇవతల నుంచి గట్టిగా అన్నది:

"మంచిగ చూడు, కోట్యా."

థియేటర్లో అందరూ నవ్వారు. మహబూబ్ అలీ మాత్రం నవ్వకుండా, పేషెంటు చెప్పినట్టు విను అని కోటేష్‌ను కసురుకున్నాడు. గంటలోపే కుట్లు కూడా పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి ఆమెను లేపి నిలబెట్టమన్నాడు. హాతీరాం అడ్డం పడ్డాడు. నిన్న కోసి ఇవాళ నిలబెడతారా, మనిషా పశువా అన్నాడు. నిలబెట్టకపోతేనే మంచం పడుతుంది అన్నాడు మహబూబ్ అలీ. ఒకవైపు కోటేష్, ఒకవైపు రాందాస్ పట్టుకున్నారు. ముందర ఇనుప నడకబండి పెట్టారు. ద్వాలి ఎడమ పాదం ఆనించింది. తర్వాత కుడి పాదం. నొప్పి నడినెత్తికెక్కింది. కానీ పాదం నేలకు నిటారుగా ఆనింది, ఆ కాలూ ఈ కాలూ సమానంగా ఉన్నాయి. చల్లటి గచ్చు అరికాలికి తగలగానే ఆమె భోరున ఏడ్చింది. నలభై అయిదేళ్ళుగా ఎందరో తల్లులను ఏడవవద్దని కసురుకున్న మనిషి, వార్డంతా చూస్తుండగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. మూడడుగులు వేసి, చాలు పడుకుంటానన్నది. మహబూబ్ అలీ ఇంకో రెండు వేయించాడు.

పన్నెండో రోజు కుట్లు విప్పి పంపించారు. ఆ పన్నెండు రోజుల్లో కోటేష్ నాలుగుసార్లు వచ్చిపోయాడు. వచ్చినప్పుడల్లా మహబూబ్ అలీ వెంట థియేటర్లోకి వెళ్ళేవాడు. భద్రాచలంలో సెలవులు సర్దుకొని శని ఆదివారాలు ఖమ్మంలో పని చేస్తానని ఆయన్ను అడిగాడు. ముందే ఉండమన్నాను గదా అని రెండు చీవాట్లు పెట్టి సరేనన్నాడట. ఇదంతా హాతీరాం వింటూనే ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. కోటేష్ తెచ్చిన పండ్లు మాత్రం తిన్నాడు.

తండా మొదట్లో జీపు ఆగేసరికి జనం మూగారు. ఎత్తుకుపోవడానికి నలుగురు ముందుకొచ్చారు. ద్వాలి వాళ్ళను తిట్టి, నడకబండి అడిగి, తానే దిగింది. ఇల్లు నలభై అడుగుల దూరం. బాట బురదగా ఉంది. వెంట వచ్చిన కోటేష్ ఆమె ముందర వెనక్కి నడుస్తూ, పాదం ఎక్కడ పెట్టాలో చూపిస్తూ వచ్చాడు. మధ్యలో రెండుసార్లు ఆగింది. లాలు ఇంటి ముందు ఆగినప్పుడు లాలు బయటికొచ్చి నిలబడి, తల్లి గుర్తొచ్చిందేమో, దండం పెట్టాడు. నీళ్ళు పోయించుకున్న పసిగుడ్డును బాలింత ఎత్తుకొచ్చింది. ద్వాలి దాని తల తడిమి చూసి, ఇంటికి నడిచింది. గడప దాటి మంచం మీద కూర్చున్నాక ఊపిరి పీల్చుకుంటూ, నీళ్ళు అడిగింది.

కోటేష్ వెళ్ళొస్తానని లేచాడు. ఆ రోజు శనివారం, సాయంత్రం బస్సుకు ఖమ్మం పోవాలి. రెండు వారాలుగా అతనితో పలకని హాతీరాం గుమ్మం దగ్గర అడ్డంగా కూర్చొని ఉన్నాడు. దాటిపోవడానికి వీల్లేదు. కోటేష్ ఆగాడు. ముసలాయన తల ఎత్తకుండానే, ఆ ఖమ్మం సారు దగ్గర ఎన్నాళ్ళు నేర్చుకోవాలని అడిగాడు. ఆయన చాలన్న దాకా అన్నాడు కోటేష్. ఎన్నాళ్ళకంటాడు అని మళ్ళీ అడిగాడు. తెలియదన్నాడు.

హాతీరాం మెల్లగా లేచి దారిచ్చాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"జల్దీ నేర్సుకో, కోట్యా," అన్నాడు. "నా కాలిరిగిననాడు నేనైతే ఖమ్మం పోను."